తర్జుమాలో నేను కలిపిన మాటలు

సౌదీలోని జుబైల్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ లేబర్ క్యాంపు క్లినిక్‌లో ఇరవై మూడేళ్లు మేల్ నర్సుగా పనిచేసి, పోయిన ఏడాది ప్రొద్దుటూరు వచ్చేశాను. మా వీధిలో నర్సింగు పూర్తిచేసిన ఇద్దరు ఇప్పుడు గల్ఫ్‌కు కాగితాలు పెట్టుకున్నారు. "అక్కడ పని ఎట్లుంటుంది మామా?" అని సాయంత్రాలు వచ్చి కూర్చుంటారు. జీతం, ఇకామా అనే నివాస కార్డు, సెలవుల సంగతి ఏజెంటు చెబుతాడు. ఏజెంటుకు తెలియని సంగతి ఒకటి ఉంది. వాళ్లకోసం, వాళ్లలాంటి వాళ్లకోసం అది రాస్తున్నాను.

నా గురించి రెండు ముక్కలు. మా నాయన మసీదులో అజాన్ ఇచ్చేవాడు. ఎక్కాలకంటే ముందు నేను దైవవాక్యం చదవడం నేర్చుకున్నాను. క్యాంపులో శుక్రవారం నమాజు అయ్యాక ఉర్దూలో ధర్మబోధ చేసేవాణ్ణి. మైకు పట్టుకుంటే నా గొంతు బాగుంటుందని అందరూ అనేవాళ్లు, నేనూ నమ్మేవాణ్ణి. నర్సు పని కూడా ఇబాదత్, అంటే దైవారాధన లాంటిదే అనుకుని చేశాను. ఆ పని గురించి నాకు గర్వం ఉంది. అది ఎక్కడ మొదలైందో చెప్పాలంటే మాత్రం నా తప్పులతోనే మొదలుపెట్టాలి.

రిజిస్టరులో రాయని జబ్బు

క్యాంపు క్లినిక్‌కు వచ్చేవి తెలిసిన జబ్బులే. నలిగిన వేళ్లు, వెల్డింగు వెలుగు కొట్టి ఎర్రబడిన కళ్లు, ఎండదెబ్బ, కిడ్నీలో రాళ్లు, షుగరు, బీపీ. ఇవన్నీ రిజిస్టరులో ఉంటాయి. తాగుడు ఉండదు. ఆ దేశంలో సారా దుకాణం లేదు కాబట్టి తాగుబోతు కూడా ఉండడని నేను నమ్మి వెళ్లాను.

చేరిన రెండో నెలలో కదిరి వైపు డ్రైవరు ఒకడు వచ్చాడు. వాంతులు, తలనొప్పి.

"కండ్ల ముందర తెల్లగా ఉంది సార్, మంచు కమ్మినట్ల."

"ఏం తిన్నావప్పా?"

"ఏం తిన్లేదు సార్. రాత్రి సదీకీ మందు తాగినా."

సదీకీ అంటే అరబ్బీలో 'నా స్నేహితుడు'. నేను రిజిస్టరులో చక్కటి అక్షరాలతో "స్నేహితుడు ఇచ్చిన మందు తాగాడు" అని రాశాను. ఇతరుల మందులు వాడకూడదని అతనికి బుద్ధి కూడా చెప్పాను. వాంతులు ఆగడానికి సూది వేసి గదికి పంపాను.

రెండు గంటలు గడిచాక మా డాక్టరు వచ్చి రిజిస్టరు చూశాడు. సూడాన్ మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. చూసిన వెంటనే అంబులెన్సు తాళాలు తీసుకుని పరుగెత్తాడు. క్యాంపు గదుల్లో డ్రమ్ముల్లో దొంగతనంగా కాచే సారాను అక్కడ అందరూ సదీకీ అంటారట. ఆ రాత్రి కాచినదాంట్లో విషపు స్పిరిట్ కలిసింది. డ్రైవరు ప్రాణం దక్కింది. కిటికీ ఏ వైపు ఉందో తెలిసేంత చూపు మాత్రం మిగిలింది. ఆ చూపుతోనే ఇంటికి వెళ్లిపోయాడు.

"వాడు నీకు నిజమే చెప్పాడు, యా షేక్," అన్నాడు డాక్టరు. నా గడ్డం, నా బోధలు చూసి అట్లా పిలిచేవాడు. "నిజం చెప్పే రోగి దొరకడం ఎంత కష్టమో నీకు తెలుసా? దొరికితే పోగొట్టుకున్నావు."

తెలుగువాడై పుట్టి, మందు అంటే ఏమిటో తెలియనివాణ్ణి కాను. వినదలుచుకోలేదు, అంతే. కొత్తగా చేరబోయే వాళ్లకు నా మొదటి మాట ఇది: రోగి చెప్పింది మీ నమ్మకానికి సరిపోయేలా సర్ది రాసుకోవద్దు. అర్థం కాకపోతే మళ్లీ అడగండి. సిగ్గుపడితే ఒక మనిషి కళ్లు పోతాయి.

రెండు వందల అడుగుల దూరం

ఆ తర్వాత నాకు ముక్కు తెరుచుకుంది. ఎవడు తాగాడో, ఎన్నాళ్లుగా తాగుతున్నాడో నేరుగా అడగడం నేర్చుకున్నాను. అయితే అడిగి ఊరుకునేవాణ్ణి కాదు. కట్టు కడుతూ కడుతూ బోధ మొదలుపెట్టేవాణ్ణి. రోగి బల్లమీద పడుకుని ఉంటాడు, పారిపోలేడు. అలాంటి శ్రోత ఏ మసీదులోనూ దొరకడు.

డాక్టరు ఒకరోజు నన్ను గదిలోకి పిలిచాడు.

"ఇక్కడినుంచి మసీదు ఎన్ని అడుగులు, యా షేక్?"

"రెండు వందలుంటాయి."

"ఆ మనిషి మసీదు దాటుకుని నీ దగ్గరికి వచ్చాడు. నువ్వు మళ్లీ మసీదు వైపే వేలు చూపిస్తున్నావు. హరామని వాడికి తెలియదనుకున్నావా? అది తెలిసే కదా ముఖం కిందికేసుకుని కూర్చున్నాడు."

నాకు కోపం వచ్చింది. ఈయనకు దీన్ మీద, మతం మీద పట్టు తక్కువ అనుకున్నాను. కానీ తెల్లవారుజాము నమాజుకు మొదటి వరుసలో ఆయనే ఉండేవాడు, నేను చాలాసార్లు మూడో వరుసలో.

చాలా రోజులు ఆలోచించాను. మద్యాన్ని నిషేధించిన ఆజ్ఞ ఒక్క రోజున దిగిరాలేదని నేనే ఎన్నోసార్లు మైకులో చెప్పాను. అందులో మేలుకంటే కీడు ఎక్కువ అని ముందు వచ్చింది. మత్తులో నమాజుకు దగ్గర కావద్దని తర్వాత వచ్చింది. పూర్తిగా మానమన్నది చివర వచ్చింది. మనిషిని పుట్టించినవాడు మనిషికి అంత వ్యవధి ఇచ్చాడు. నేను మాత్రం కట్టు కట్టే లోపల మానేయమంటున్నాను. చిన్నప్పటినుంచి నోటికి వచ్చిన సంగతే ఇది. దాని అర్థం క్లినిక్‌లో తెలిసింది.

రాజన్న

ఇది అతని అసలు పేరు కాదు. ఊరు జగిత్యాల పక్క. నలభై దాటిన మనిషి. ప్లాంటును మరమ్మతులకు షట్‌డౌన్‌లో పెట్టినప్పుడు ఎత్తైన పైపుల చుట్టూ పరంజా కట్టే పని. దాన్ని అక్కడ స్కాఫోల్డింగ్ అంటారు. ఒకరోజు పైన అతని చేతిలోంచి స్పానరు జారి పడింది. దైవం దయవల్ల కింద ఎవరూ లేరు. ఫోర్‌మన్ 'తల తిరుగుతోంది' అని చీటీ రాసి నా దగ్గరికి పంపాడు.

చేతులు వణుకుతున్నాయి. ఏసీ గదిలో చెమట. తలుపు వేశాను.

"ఆఖరుసారి ఎప్పుడు తాగినావు రాజన్నా?"

"నిన్న మాపటికి సార్."

"రోజూనా?"

"రోజూ అంటే... శుక్రారం జర ఎక్కువ. సెలవు గద. మీరు మసీదుకు పోతరు, మేం డ్రమ్ము కాడికి పోతం." నవ్వబోయి ఆగాడు. "సార్, రాసి పంపియ్యకుండ్రి. పైకెక్కే పనొక్కటే నాకొచ్చు. కింద ఉంటే నేనెవన్ని?"

డాక్టరు వచ్చి చూశాడు. ఎదురుగా కూర్చుని మొహమాటం లేకుండా చెప్పాడు, నేను తెలుగులో చెప్పాను. ముప్పై రోజులు నేలమీది పని. ముప్పయ్యో రోజు చేతులు చాపమంటాను. వణక్కపోతే ఎత్తు పనికి ఫిట్ అని సంతకం పెడతాను. వణికితే పెట్టను. సంతకం లేని స్కాఫోల్డరును కంపెనీ ఉంచుకోదు, ఇంటికి పంపేస్తుంది.

నర్సులు ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. రోజూ తాగేవాణ్ణి ఒక్కసారిగా మానేయమని గదికి పంపకండి. ఫిట్స్ వస్తాయి, లేనివి కనబడతాయి, ప్రాణం కూడా పోవచ్చు. రాజన్నను నాలుగు రోజులు క్లినిక్‌లోనే ఉంచి, డాక్టరు మాత్రల మోతాదు తగ్గిస్తూ వచ్చాడు. రెండో రోజు గోడమీద చీమలు పాకుతున్నాయని చేత్తో తుడుస్తూ కూర్చున్నాడు. నాలుగో రోజు అన్నం తిన్నాడు. తినేసి అడిగాడు:

"అంత మంచిగనే ఉంది సార్. గని, శుక్రారం ఎట్ల?"

దానికి నా అల్మారాలో మాత్ర లేదు.

వెతుకులాట

మానేసినవాళ్లు, మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చునే బృందాలు ఉంటాయని చదువుకునే రోజుల్లోనే విన్నాను. జుబైల్‌లో అది ఎవరిని అడగాలి? నోరు తెరిచి అడిగితే ముందు అనుమానం అడిగినవాడిమీదే.

మా ఇమామ్ సాహెబును అడిగాను. మంచి మనిషి. "నీ బోధకే తీసుకురా మస్తాన్," అన్నారు. డాక్టరుకు తెలిసిన ప్రభుత్వ చికిత్సాలయం ఒకటి ఉంది. అక్కడివాళ్లు ఫోనులో ఎంతో మర్యాదగా మాట్లాడారు. కానీ వాళ్ల బృందం కూర్చునేది అరబ్బీలో. రాజన్న అరబ్బీ తే, పో, అయిపోయింది అన్న మూడు మాటల దగ్గర ఆగిపోయింది. చివరికి దమ్మాంలో మన తెలుగువాళ్ల సంఘం పెద్ద ఒకాయనకు ఫోను చేశాను. గోదావరి జిల్లా మనిషి.

"అబ్బే, మనవాళ్లలో అలాంటివాళ్లు లేరండి."

"ఒకడు నా క్లినిక్‌లోనే ఉన్నాడు సార్."

"అయితే మా క్రికెట్‌కి పంపండి. ఎండలో రెండు ఓవర్లు వేశాడంటే అన్నీ దిగిపోతాయి."

దారి ఊహించని చోట దొరికింది. ప్లాంటు తనిఖీకి వచ్చిన ఐర్లండ్ పెద్దాయన ఒకరు రేకు గీసుకుని కట్టుకోసం మా క్లినిక్‌కు వచ్చాడు. పేరు పాట్రిక్. గాయం చుట్టూ స్పిరిట్‌తో తుడుస్తుంటే వాసన పీల్చి నవ్వాడు.

"పంతొమ్మిదేళ్లలో దీనికి ఇంత దగ్గరికి రావడం ఇదే."

నేను దూది పట్టుకునే ఆగిపోయాను. "ఎట్లా మానేశారు సార్?"

ఆయన తలుపు వైపు చూశాడు. "ఎవరికోసం అడుగుతున్నారు?"

"ఒక రోగి కోసం."

"అందరూ అలాగే అంటారు," అన్నాడు. అంటూ నా గడ్డం చూసి, "సరే, మీరు నిజమే చెబుతున్నట్టున్నారు," అని నవ్వాడు.

ధహ్రాన్‌లో తను ఉండే విదేశీయుల కాంపౌండులో ప్రతి శుక్రవారం మధ్యాహ్నం పదిమంది కలుస్తారని చెప్పాడు. ఇంగ్లీషులో జరుగుతుంది. తాగుడుతో బాధపడినవాళ్లకే ప్రవేశం. రాజన్నకు భాష రాదు కాబట్టి నన్ను తర్జుమాకు మాత్రం రానిస్తామన్నాడు. "మాత్రం" అన్న మాటను ఆయన రెండుసార్లు అన్నాడు. నేను పట్టించుకోలేదు.

ధహ్రాన్ గది

శుక్రవారం బోధ ఇంకొకరికి అప్పగించి, డాక్టరు అనుమతితో క్లినిక్ పికప్‌లో రాజన్నను తీసుకెళ్లాను. మానేసి ఎనిమిదో రోజు. గేటు దగ్గర పాట్రిక్ మా పేర్లు రాయించి ఉంచాడు. మామూలు గది, కాఫీ, గుండ్రంగా వేసిన కుర్చీలు. ఒక్కొక్కరూ పేరు చెప్పి తమ సంగతి చెబుతారు. ఎవరూ ఎవరికీ సలహా ఇవ్వరు. నాకు ఆ పద్ధతి మొదట విచిత్రంగా తోచింది. ఇంతమంది కూర్చుని ఉంటే బోధించేవాడు ఒక్కడూ లేడు.

స్కూలు టీచరు ఒకావిడ మాట్లాడింది. సీసాను బట్టలుతికే మెషీనులో దాచేదాన్ననీ, మా ఆయన ఇల్లంతా సర్దుతాడుగానీ బట్టలు మాత్రం ఎన్నడూ ఉతకడనీ చెప్పింది. గదంతా నవ్వింది.

నేను రాజన్న చెవిలో మొదలుపెట్టాను. "ఈ తల్లి తన పాపాన్ని లోకం కంటపడకుండా దాచిపెట్టింది. కానీ పైవాడి కంటికి మరుగు ఉందా? దాచిన ప్రతిదీ తీర్పు రోజున బయటికి వస్తుంది. కాబట్టి బతికి ఉన్నప్పుడే..."

"మరందరు నవ్వుతున్నరేంది సార్?" అన్నాడు రాజన్న.

పాట్రిక్ నావైపు వంగి మెల్లగా అన్నాడు: "ఆమె ఒక నిమిషం మాట్లాడింది. మీరు మూడు నిమిషాలుగా మాట్లాడుతున్నారు. మిగతా రెండు నిమిషాలు ఎవరివి?"

అంత పెద్ద జమాత్‌ల ముందు మాట్లాడిన నేను పదిమంది ముందు తలదించుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో రాజన్నే అడిగాడు.

"తీర్పు రోజు ముచ్చట ఆమె జెప్పిందా, మీరు జెప్పిన్రా?"

"నేనే."

"నాకు ఎర్కనే. మీకు గొంతు మారుతది సార్. శుక్రారం మైకుల గూడ గట్లనే. మా రూము దాక ఇనబడ్తది." నవ్వాడు. "మరి ఆమె ఏం జెప్పింది?"

బట్టల మెషీను సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కొంత దూరం పోయాక అతను అన్నాడు:

"నేను హెల్మెట్ల పెట్టిన సార్."

"హెల్మెట్‌లోనా?"

"గింత సీస. లోపట బట్ట జుట్టి. పొద్దుగాల సేఫ్టీ మీటింగుల సారు ముంగట నిలబడ్డప్పుడు గూడ నెత్తి మీదనే ఉండె. గా సారు నా హెల్మెటు సూపిచ్చి, గిట్ల పెట్టుకోవాలె అని అందరికి జెప్పిండు."

ఇద్దరం కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాం. ఆ మాట అతను ఎవరికీ చెప్పి ఉండలేదు. నాలుగు రోజులు మాత్రలిచ్చి, పక్కన కూర్చుని, నేను అడిగినవాటికి బయటపడని సంగతి అది. ఎవరో ఒకావిడ తన మెషీను సంగతి చెబితే, అది అతనికి అచ్చంగా చేరితే, బయటపడింది. నేను కలిపిన రెండు నిమిషాలు దానికి అడ్డంగా నిలబడ్డాయి. ఈ పనిలో నేను నేర్చుకున్నవాటిలో ఇంతకు మించింది లేదు.

రెండో శుక్రవారం ఒక్క మాట కలపకుండా చెప్పాను. రోజా ఉపవాసం ఉండటంకంటే కష్టమైంది. వాళ్లు దేవుడి ప్రస్తావన తెచ్చినప్పుడు మాత్రం నా నాలుక జారింది.

"సార్, ఆయన అల్లా అన్నడా?"

"లేదప్పా. తనకు తెలిసిన దేవుడు అన్నాడు."

"అట్ల జెప్పుండ్రి మరి. నాకు తెల్సింది మా ఎల్లమ్మ." కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ఆమెకేమో కల్లే పోస్తం. గామెను ఎట్ల అడగాలె సార్, మాన్పియ్యమని?"

వెనకటి మస్తాన్ అయితే ఆ ప్రశ్నకు గంట జవాబు చెప్పేవాడు. నా విశ్వాసం నాకు ప్రాణం. అది ఆనాడు ఇసుమంత కూడా తగ్గలేదు, ఈనాడూ తగ్గలేదు. అయినా అది అతని ప్రశ్న. "నువ్వే అడిగి చూడు," అన్నాను.

మూడో శుక్రవారం రాజన్న తన వంతు తీసుకుని తెలుగులో మాట్లాడాడు. హెల్మెట్ సంగతి చెప్పాడు. నేను అతను చెప్పినంతే ఇంగ్లీషులో చెప్పాను. సేఫ్టీ ఆఫీసరు మాట దగ్గరికి వచ్చేసరికి గది విరగబడి నవ్వింది. సరిగ్గా నవ్వవలసిన చోట నవ్వింది. ఏ మైకూ నాకు ఇవ్వని సంతోషం అది.

బయట కుర్చీ

ఈలోగా క్యాంపులో మరో ఇద్దరు తెలుగువాళ్లు నా దగ్గరికి వచ్చారు. రాజన్న ముఖం తేటపడటం చూసి వాళ్లకు వాళ్లే వచ్చారు. మన భాషలో ఇక్కడే కూర్చుందామని రాజన్న అన్నాడు. డాక్టరు శుక్రవారం మధ్యాహ్నం కట్లు కట్టే గది ఇచ్చాడు. "ఆరోగ్యం గురించి కూర్చుంటున్నారని క్యాంపు ఆఫీసుకు నేను చెబుతాను. అది నిజమే కదా," అన్నాడు.

ఇరవై తొమ్మిదో రోజు అది. నేను గది కడిగించి, చాయ్ పెట్టించి, మొదట చెప్పవలసిన నాలుగు మాటలు కాగితంమీద రాసుకుని, ముందు కుర్చీలో కూర్చున్నాను. రాజన్న లోపలికి వచ్చి నన్ను చూశాడు.

"సార్, మీరెన్నేండ్లు తాగిన్రు?"

"నేనా? జన్మలో ముట్టలేదప్పా!"

"గట్లయితే బయట కూసోండ్రి."

మిగతా ఇద్దరూ నేల చూపులు చూశారు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, లేచి బయటికి వచ్చాను. నాకు కలిగింది కోపమో, సంతోషమో అప్పుడు తెలియలేదు. వరండాలో కూర్చుని అతనికోసం దువా చేసుకుని దేవుణ్ణి వేడుకున్నాను. దువాకు తర్జుమా అక్కర్లేదు.

మర్నాడు పొద్దున డాక్టరు ఫ్యాను కట్టేయించి రాజన్నను చేతులు చాపమన్నాడు. చాపిన వేళ్లమీద ఒక తెల్ల కాగితం పెట్టాడు. కాగితం అంచు కొంచెం వణికితే చాలు, తెలిసిపోతుంది. నేను పక్కన నిలబడి ఊపిరి బిగబట్టాను. నా ఊపిరికి కదులుతుందేమోనని భయం. కాగితం బల్లమీద ఉన్నట్టు ఉంది. డాక్టరు అదే కాగితం తీసుకుని, తిప్పి, సంతకం పెట్టాడు. అది ఫిట్‌నెస్ ఫారమని అప్పుడు చూశాం.

రాజన్న సంతకం వైపు చూడలేదు. తన చేతుల వైపు చూసుకున్నాడు. "ఇవి నావేనా సార్?" అన్నాడు.

మధ్యాహ్నానికి పైకి ఎక్కాడు. నేను పనిగట్టుకుని ప్లాంటు కంచె దాకా వెళ్లి చూశాను. అంత దూరంనుంచి మనుషులందరూ ఒకేలా కనిపిస్తారు. ఏది రాజన్నో తెలియక, పైన ఉన్న అందరినీ చూసి వచ్చాను.

అందరూ బాగుపడ్డారని రాయను. మొదట వచ్చిన ఇద్దరిలో ఒకడు నెల తిరక్కుండా మళ్లీ డ్రమ్ము దగ్గరికే పోయాడు. ఇప్పటికీ అతని పేరు నా దువాలో ఉంది. రాజన్నకు కూడా కష్టమైన శుక్రవారాలు వచ్చాయని ముఖం చూసి గ్రహించాను. అప్పుడు అతను ఎవరితో ఏం చెప్పుకున్నాడో నాకు తెలియదు. ఆ గదిలో ఏం మాట్లాడుకుంటారో నేను ఎన్నడూ అడగలేదు. మా నాయన నేర్పిన చదువులో నోరు తెరవడం ఎట్లాగో ఉంది. మూసుకోవడం మాత్రం క్యాంపు నేర్పింది.

నా ఉద్యోగంలో ఆఖరి శుక్రవారం. అలవాటుగా వరండాలో కూర్చున్నాను. లోపల ఒక్కసారిగా నవ్వులు వినబడ్డాయి. తలుపు ఓరగా తెరుచుకుని రాజన్న తల బయటికి పెట్టాడు.

"సార్, ఇంకో కుర్చీ గావాలె."

కొత్తవాడెవడో వచ్చాడన్నమాట; ఎవరికని అడగలేదు. నేను కూర్చున్న కుర్చీనే ఎత్తి గడప దాకా తీసుకెళ్లాను. అతను అందుకుని, "బస్ సార్," అని తలుపు వేసుకున్నాడు. మిగతా సమయమంతా నిలబడే ఉన్నాను.